నడిచి చూపించమన్నారు

పెళ్లిచూపులనే తంతును నేను ఈనాటికీ క్షమించలేదు. దాన్ని దుమ్మెత్తిపోస్తూ చాలా వ్యాసాలు రాశాను. అన్నిట్లోనూ సిద్ధాంతం రాశాను గాని నా సొంత సంగతి రాయలేదు. నా సంగతిలో కోపం కంటే సంతోషం పాలు ఎక్కువ. అందుకని ఏ వ్యాసంలోనూ అది ఇమడలేదు. దాని దారిన దాన్ని ఇక్కడ రాస్తాను.

యాభైల చివర్లో మేం చిలకలూరిపేటలో ఉండేవాళ్లం. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. జిన్నింగు మిల్లుల దూది ఎగిరొచ్చి మా అరుగు మీద వాలేది. ప్రతి ఆదివారం ఆ అరుగు మీద సభ జరిగేది. దేవుడున్నాడా లేడా, కులం ఎందుకు పోవడం లేదు, ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇవ్వాలా వద్దా, ఇలాంటివి. ఆ సభకు నాన్న పెట్టిన నియమం ఒక్కటే. ఎవరి మాటనైనా ఖండించాలంటే ముందు ఆ మాటను వాళ్లకంటే బాగా చెప్పాలి. దాన్ని నాన్న పూర్వపక్షం అనేవాడు. ఎదుటివాడు "అవును, నేననేది అదే" అని తల ఊపాకే ఖండన మొదలుపెట్టాలి. నేను ఆ అరుగు మీదే పెరిగాను. ఊళ్లో ఆడపిల్లలు పాటలు నేర్చుకునే వయసులో నేను ఇది నేర్చుకున్నాను.

అంత వాదించే నాన్న కూడా బంధువుల పోరు పడలేక రెండుసార్లు నన్ను చాప మీద కూర్చోబెట్టాడు. మొదటివాళ్లు పాట పాడమన్నారు. నాకు రాదన్నాను, వాళ్లు వెళ్లిపోయారు. రెండోవాళ్లలో ఒక పెద్దావిడ మా అమ్మ వైపు వంగి, "అమ్మాయిని ఆ తలుపు దాకా ఒకసారి నడిచి చూపించమనండి" అంది. కాలు వంకరేమోనని అనుమానం. సంతలో ఎద్దును కొనేవాడు కూడా ఇలాగే నాలుగడుగులు వేయించి చూస్తాడు. నేను లేచి తలుపు దాకా నడిచాను. తలుపు దాటి పెరట్లోకి, పెరడు దాటి పక్కింట్లోకి నడిచాను. వాళ్ల బస్సు కదిలేదాకా అక్కడే పత్తి ఏరుతూ కూర్చున్నాను.

మూడో సంబంధం చీరాల నుంచి వచ్చింది. అబ్బాయి బి.ఎ. చదివి చేనేత సహకార సంఘం నూలు గోదాములో పనిచేస్తున్నాడు. కట్నం అక్కర్లేదన్నాడు. ముహూర్తం వద్దు, రిజిస్ట్రారు ముందు సంతకాలు చాలన్నాడు. నాన్న మురిసిపోయాడు. చూపులు ఎప్పుడు పెట్టుకుందామని నన్నడిగాడు.

"నా నడక చూడాలని కదా వాళ్లందరి సరదా? పూర్తిగా చూడనీ నాన్నా. పొద్దుట్నించి సాయంత్రం దాకా నడుస్తాను. పక్కన అతనూ నడవాలి. అతని నడక నేనూ చూడాలి" అన్నాను.

నాన్న దీనికి ఖండన వెతికాడు, దొరకలేదు. ఒప్పందం ఇలా కుదిరింది: సాయంత్రం రైలెక్కే లోపు నేను అవునో కాదో చెప్పేయాలి. రెండిట్లో ఏదైనా నా మాటే చివరి మాట. కాదంటే ఇక ఎవరినీ మా గడప తొక్కనివ్వరు, నన్ను గుంటూరు పంపించి టీచరు ట్రైనింగు చదివిస్తారు. ఆ ట్రైనింగు మీద నాకు చాలా ఆశ. నిజం చెప్పాలంటే కాదనడానికే ఎక్కువ సిద్ధపడి బయల్దేరాను.

చోటు కూడా నేనే చెప్పాను. చీరాల వైపు నుంచి వచ్చే పెద్ద లైను, గుంటూరు నుంచి వచ్చే చిన్న లైను కృష్ణా కెనాల్ స్టేషన్లో కలుస్తాయి. ఒకరి ఇంటికి ఒకరు వెళ్లే పనిలేదు. అక్కడ దిగి కృష్ణ ఒడ్డు పట్టుకుని నడిస్తే సీతానగరం రేవు, ఇంకా ముందుకు పోతే ఉండవల్లి గుహలు. రోజును మాత్రం నాన్న నిర్ణయించాడు. మంచిరోజు చూసుకున్నారని ఎవరూ అనకూడదని పంచాంగం తెప్పించి మరీ అమావాస్యను ఎంచాడు. నాస్తికుడు అంత శ్రద్ధగా పంచాంగం తిరగేయడం నేను చూడటం అదే మొదటిసారి.

అమ్మ రాలేదు. ఇంట్లో రెండు గేదెల్లో ఒకటి ఈనేటట్టుందని ఉండిపోయింది. పులిహోర, పెరుగన్నం అరిటాకుల్లో కట్టి సంచీలో పెట్టిచ్చింది.

గుంటూరు స్టేషన్లో అడుగుపెట్టేసరికి విషయం అర్థమైంది. అమావాస్యనాడు కృష్ణలో మునిగితే పుణ్యమట. జిల్లాలో సగం మంది ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. మూఢనమ్మకాన్ని ధిక్కరించడానికి మేం ఏరికోరి ఎంచుకున్న రోజు, నమ్మేవాళ్లందరూ రైలెక్కే రోజైంది. నాన్నను ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరికించి నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అందులో ఒకావిడ నాన్న వంక మెచ్చుకోలుగా చూసి, "పిల్లను కూడా స్నానానికి తీసకపోతున్నారా మాస్టారూ, మంచి పని చేశారు" అంది. నాన్న మొహం చూసి నేను బయటికి తిరిగి నవ్వుకున్నాను.

నంబూరు దాటాక పట్టాల పక్క కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి ఇటు మళ్లినప్పుడల్లా పెట్టె మొత్తం తుమ్మేది. ప్రతి తుమ్ముకూ ముసలమ్మలు కృష్ణా రామా అనుకునేవాళ్లు. ఆ రోజు నాన్నకు దొరికిన ఏకైక ఆనందం అదే. ఇన్ని తుమ్ముల మధ్య బయల్దేరిన బండి ఎక్కడైనా ఆగిందా అని అందర్నీ అడిగాడు. సరిగ్గా అప్పుడే మంగళగిరి దగ్గర సిగ్నలు పడక ఆగింది. పెట్టెంతా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

కృష్ణా కెనాల్లో వాళ్లు మాకంటే ముందే దిగి వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. అతను పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నాడు. చంకలో గొడుగు. పక్కన అతని మేనత్త. తల్లి పోయాక అతన్ని పెంచిందట. ఎండకు కాలిన మొహం, ముతక నేత చీర, రొంటిన చుట్టల పొట్లం. చేతిలో ఉతికిన చీర ఒకటి మడత పెట్టి ఉంది. ఆవిడ నన్ను తలనుంచి పాదాల దాకా చూడలేదు. పాదాలనే చూసింది.

"చెప్పులు కొత్తయ్యా, పాతయ్యా?"

"పాతవేనండీ."

"అయితే నడుత్తావులే" అని ముందుకు సాగింది. ఆవిడ వచ్చింది మేనల్లుడి పెళ్లి కోసం సగమే. మిగతా సగం అమావాస్య స్నానానికి. ఆ మాట దాచను కూడా దాచలేదు.

తాడేపల్లి దాటి కాలవ కట్ట ఎక్కాం. నీళ్లు కట్టలొరుసుకుని పారుతున్నాయి. ఎదురుగా కొత్త బ్యారేజీ గేట్లు, అవతల బెజవాడ కొండ, మధ్యలో నిండుగా నిలిచిన కృష్ణ. చలి వదిలే ఎండ. నేను పెద్ద పెద్ద అడుగులు వేస్తున్నాను, చూస్తే చూడనీ అని. అతను నా నడక చూడటం లేదు. నీళ్లను చూస్తూ ఒక రాయికి తట్టుకుని తూలాడు. వెనక నుంచి అత్త, "ఒరే, కాలు వంకర నీకే ఉన్నట్టుందే" అంది. నాకు నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. నేను కాదనడానికి వచ్చినదాన్ని.

సీతానగరం రేవులో కాలు పెట్టే సందు లేదు. అత్త మునగడానికి మెట్లు దిగింది. ఆ కాసేపట్లో నాన్న ఒక పురోహితుడితో వాదన పెట్టుకున్నాడు. స్నానంతో పాపం పోతుందన్న మాటను ఖండిస్తానన్నాడు. మన నియమం ఉంది కదా, ముందు పూర్వపక్షం. మెట్టెక్కి నిలబడి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో, నీటి మహిమ గురించి నమ్మేవాళ్లు ఏమనుకుంటారో, ఎందుకనుకుంటారో, మనిషి తన తప్పును ఎక్కడో ఒకచోట కడుక్కోవాలని ఎంత తపిస్తాడో చెప్పుకుపోయాడు. అంత బాగా నాన్న మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పురోహితుడికి కళ్లు చెమర్చాయి. ఇటు రండి, మాస్టారు గారు స్నానఫలం చెబుతున్నారు వినండి అని జనాన్ని పిలిచాడు. జనం మూగారు, విన్నారు, చేతులు జోడించారు. నాన్న ఒక్క క్షణం ఊపిరి తీసుకుని "ఇప్పుడు దీనికి ఖండన" అనేలోపు అందరూ బిలబిలమని నీళ్లలోకి దిగిపోయారు.

అతను గొడుగు చాటున మొహం దాచుకుని నవ్వుతున్నాడు. మా నాన్న మీద నవ్వితే నాకు కోపం రావాలి. రాలేదు. నేనూ నవ్వుతున్నాను.

ఖండన చెప్పకుండా కదలనని నాన్న అక్కడే ఉండిపోయాడు. మమ్మల్ని ముందు నడవమన్నాడు. అత్త పొడిచీర కట్టుకుని, జుట్టు దులుపుకుంటూ, అందరికంటే ముందు పోతోంది. ఒడ్డు వెంట అరటి తోటలు, కనకాంబరం మళ్లు. అమావాస్య గిరాకీకి తెల్లారే పూలన్నీ కోసేసినట్టున్నారు, మళ్లన్నీ ఆకుపచ్చగా బోసిగా ఉన్నాయి.

నేనే మొదలుపెట్టాను. పెళ్లయ్యాక నన్ను సభలకు వెళ్లనిస్తారా అని అడిగాను.

"వెళ్లొచ్చు" అన్నాడు.

"వెళ్లొచ్చు అనడానికి మీరెవరండీ?"

అతను నాలుగడుగులు ఆలోచించాడు. "తప్పేనండీ. కాని వెళ్లనిస్తారా అని మీరడిగారు. సగం తప్పు మీది."

అరుగు మీద పదేళ్లు వాదించినదాన్ని, దారి మధ్యలో ఆగిపోయాను. నిజమే. ఆ ప్రశ్న నేను వేయవలసింది కాదు. ముందు నుంచి అత్త అరిచింది, "కొట్టుకుంటుండారా, మాట్టాడుకుంటుండారా?" అని. రెండూనని అతను బదులిచ్చాడు.

ఉండవల్లి గుహలు దూరం నుంచి చూస్తే కొండకు పళ్లున్నట్టు ఉంటాయి. దగ్గరికొస్తే ఒక్క రాతి కొండను ముందు నుంచి లోపలికి తొలిచి, అంతస్తు మీద అంతస్తు లేపారు. స్తంభాలు, గదులు, పైన చూరు మీద వరసగా కూర్చున్న మునులు, సింహాలు. లోపల చల్లగా, గబ్బిలాల వాసనతో ఉంది. పైకి ఎక్కితే చీకట్లో అనంతశయనుడు. నాలుగు మంచాలు కలిపినా చాలనంత పొడుగు, గోడకు చేరగిలి పడుకుని ఉన్నాడు. స్నానాలు ముగించుకుని వచ్చినవాళ్లు కర్పూరం వెలిగిస్తున్నారు.

నేను ఊరుకోలేకపోయాను. ఈ గదులు మొదట తొలిచింది ఏ దేవుడి కోసమూ కాదని, భిక్షువులో జైన మునులో వానాకాలం తలదాచుకోవడానికి తొలుచుకుని ఉంటారని, ఆ తరవాత వచ్చినవాళ్లు దీన్ని గుడి చేసుకున్నారని, మన దేశంలో ఒకరి ఇంట్లో ఇంకొకరు చేరి గృహప్రవేశం చేసుకోవడం ఇలాగే జరిగిందని చెప్పుకుపోయాను. నా గొంతు రాతిలో మోగింది. హారతి పట్టుకున్నావిడ ఆగి నా వంక చూసింది.

"ఏందమ్మాయ్, ఆయన్ని కూడా నిద్దర లేపి వాదిస్తావా ఏంది?" అంది అత్త.

"ఈయన ఒక్కడే నాకు నచ్చాడు" అన్నాడు అతను. "మిగతా దేవుళ్లంతా నిలబడి చెయ్యెత్తి ఏదో చెబుతుంటారు. ఈయన నడుం వాల్చాడు. ఎవర్నీ ఏమీ చెయ్యమనడు."

నా ఉపన్యాసానికి అది జవాబు కాదు. కాని ఆ చీకట్లో, నడిచి నడిచి కాళ్లు లాగుతుంటే, ఆ పడుకున్న రాయిని చూసి నాకూ అసూయ కలిగింది.

ఇక్కడినుంచి మంగళగిరికి సొరంగం ఉందని, తన చిన్నప్పుడు ఒక మేక లోపలికి పోయి అక్కడ తేలిందని అత్త చెప్పింది. మేక చెప్పిందా అని అతను అడిగాడు. చెవి మెలేయించుకున్నాడు.

పై అంతస్తు వరండాలో కూర్చుని ఆకులు విప్పాం. కింద పచ్చని మడులు, వాటి అవతల సన్నగా నది. అప్పటికి నాన్న చేరుకున్నాడు. గొంతు బొంగురుపోయింది. ఖండన చివరికి ఒక గొర్రెలకాపరి విన్నాడట, ఆ కాపరి ముందునుంచీ స్నానం చేసే ఉద్దేశంలో లేడట. నాన్న పులిహోర రెండు ముద్దలు తిని, చెయ్యి ఆపి, అతని వైపు తిరిగాడు. నాకు తెలుసు ఏం అడగబోతున్నాడో. సాయంత్రం దగ్గరపడుతోంది, నా మొహం చూసి నాన్నకు ఏమీ అంతుపట్టలేదు.

"మా ఇంట్లో ఒక పద్ధతుంది బాబూ. మా అమ్మాయి నిన్ను కాదనడానికి వచ్చింది. ఆమె పక్షం నువ్వు చెప్పు. ఆమె కంటే బాగా చెప్పాలి."

అతను చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాడు. 

"ఈ పులిహోర ఎవరు చేశారండీ?" అన్నాడు.

"మా ఆవిడ."

"ఆవిడ ఎందుకు రాలేదు?"

గేదె సంగతి నాన్న చెప్పాడు.

"ఆదివారాలు మీ అరుగు మీద సభ జరుగుతుందని చీరాల దాకా తెలుసు మాస్టారూ. ఎంతోమంది వస్తారు, అందరికీ కాఫీలు వస్తాయి. వాళ్లమ్మగారు ఎప్పుడైనా ఆ సభలో కూర్చున్నారా అని మీ అమ్మాయిగారిని అడగాలనుకున్నాను, ధైర్యం చాల్లేదు. ఇదే మీ అమ్మాయిగారి పక్షం అనుకుంటాను. ఆడవాళ్ల హక్కుల మీద మగవాళ్లు మాట్లాడుతుంటే ఆడవాళ్లు లోపల కాఫీ కాస్తారు. మీలాంటి వారింట్లోనే ఇట్లా ఉంటే, నూలు గోదాములో గుమాస్తా ఇంట్లో వేరేగా ఉంటుందని ఆవిడ దేన్ని చూసి నమ్మాలి?"

 నాన్న నా వైపు చూశాడు. నియమం ప్రకారం నేను తల ఊపాలి. అవును, నేననేది అదే. నాన్న ఎదట ఒక్కనాడూ పైకి అనని మాట అది. నేను తల ఊపాను.

"దీనికి నీ జవాబు?" అన్నాడు నాన్న. 

"లేదండీ. ఉందని చెబితే అబద్ధం."

అత్త చుట్ట తీసి వెలిగించుకుంది. "జవాబు లేకపోవడమేందిరా. కాఫీ నువ్వు కాయి."

"నాకు రాదత్తా."

"నాకు మాత్రం మా అమ్మ కడుపులో ఉండగా వచ్చిందా?"

నాన్న ఆ తరవాత పెరుగన్నం ముట్టుకోలేదు. ఆకు మడిచి, మళ్లీ కట్టి, సంచీలో జాగ్రత్తగా పెట్టాడు.

తిరుగుదారిలో నాకు కోపం తన్నుకొచ్చింది. కోపం ఎందుకో తెలియడానికి కొంత దూరం పట్టింది. తెలియగానే వేగంగా నడిచి అతన్ని అందుకున్నాను.

"అది నా మాట. ఏళ్ల తరబడి దాచుకున్నాను. మా నాన్నకు అది నా నోటి నుంచి వినబడాల్సింది. మగవాడు చెబితే ఆయన ఆకు మడిచారు. నేను చెబితే ఖండన వెతికేవారు."

అతను సమర్థించుకోలేదు. "చెప్పమన్నారు కాబట్టి చెప్పాను. మీకు మిగల్చలేదని అప్పుడు తట్టలేదు" అన్నాడు. కాసేపటికి, "మిగిలిన సగం మీరు చెప్పండి" అన్నాడు.

"మిగిలిన సగం ఏమిటి?"

"జవాబు. నాకు లేదన్నాను గాని, మీకూ లేదని నేననలేదు."

కృష్ణ మీద ఎండ ఏటవాలుగా పడి నీళ్లు ఇత్తడిలా ఉన్నాయి. ఇంటికి పోయే జనం తడిబట్టలు భుజాన వేసుకుని మా పక్కనుంచి పోతున్నారు.  మా నడక ఎప్పుడో ఒకటైపోయింది. అతను ఇంకో రాయికి తట్టుకున్నప్పుడు గొడుగు నేను పట్టుకున్నాను. స్టేషన్ దాకా తిరిగివ్వడం మరిచిపోయాను.

ప్లాట్‌ఫారం నిండా జనం. గుంటూరు బండికి మొదటి గంట కొట్టారు.  నాన్న ఒక ప్రశ్న వేయకుండా నిలబడటం చూడలేక నేనే మొదలుపెట్టాను.

"పూర్వపక్షం ఈయన చెప్పేశారు నాన్నా, అది మళ్లీ చెప్పను. నాకు ఈ సంబంధం ఇష్టమే. ట్రైనింగు కూడా ఇష్టమే. చదువు ముందు, సంతకాలు తరవాత. వచ్చే ఆదివారం సభకు ఈయన మన పేట రావాలి. కాఫీ ఈయన కాయాలి. అమ్మ అరుగు మీద కూర్చుంటుంది."

"ఆదివారానికి నేర్చుకోవాలంటే రోజులు చాలవండీ" అన్నాడు అతను.

"నేను నేర్పుతాలే. నడవరా" అని అత్త అతని చేతిలో తడిచీర పెట్టింది. ఆ తరవాత నా గడ్డం పట్టుకుని, అమావాస్యనాడు కుదిరిన సంబంధం ఎట్టా ఉంటుందో చూత్తాను అంది. అందులో బెదిరింపు లేదు. కుతూహలమే.

బండి కదిలాక నాన్న పెరుగన్నం సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చీకట్లో మిరప కళ్లాలు కనిపించలేదు గాని ఘాటు మాత్రం వచ్చింది, అందరం తుమ్మాం. ఇంటికి వెళ్లేసరికి గేదె ఈని ఉంది. అమ్మకు నాన్న ఏం చెప్పాడో నాకు తెలియదు. పెరట్లో దూడ పక్కన ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం చూశాను.

ఆదివారం అతను వచ్చాడు. సభలో ఆ రోజు విషయం ఏమిటో నాకు గుర్తులేదు, బహుశా ఎవరికీ గుర్తుండదు. లోపల గిన్నెలు పడిన చప్పుడైనప్పుడల్లా అరుగు మీద అందరి చెవులూ అటే తిరిగేవి. అమ్మ లేవబోయేది. నేను కొంగు పట్టి కూర్చోబెట్టేదాన్ని. చివరికి అతను చొక్కా మీద మరకలతో పళ్లెం పట్టుకొచ్చాడు. మొదటి గ్లాసు అమ్మకిచ్చాడు.

అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. ఆ సభలో ఎన్నడూ నోరు విప్పని మనిషి ఏదో అనబోయింది. నాన్న చెయ్యెత్తాడు.

"ఖండించాలంటే ముందు అవతలి పక్షం చెప్పాలి. తెలుసుగా?"

అమ్మ అతని వంక చూసింది, గ్లాసు వంక చూసింది.

"పాలు మంచివి. పొద్దున నేను పితికినవే" అంది. "ఇప్పుడు చెప్పనా?"